ఈ యేటి కొరుకుడు బొమ్మ

ఫింకెన్‌గ్రుండ్, 1907 నవంబరు 3

ఇత్తడి బొత్తాల కోటు తొడిగిన మా తమ్ముడు రైన్‌హోల్ట్‌కి అక్క హుల్డా రాసేది ఏమంటే,

నీకు ఓయిల్‌బెర్గ్ అడవి అధికారి ఉద్యోగం ఖాయమైందన్న ఉత్తరం అందింది. అది చదివి మీ బావ కొయ్య తిప్పి చెక్కే తరిమెన ఆపేశాడు. చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుని, "అయితే ఇకమీదట నీ తమ్ముణ్ణి చూస్తే టోపీ తీయాలన్నమాట" అన్నాడు. "నువ్వు తీయకపోతే నేనే ఊడబీకుతాను" అన్నాను. అమ్మ పోయేనాటికి నువ్వు నా నడుం దాకా కూడా లేవు. అలాంటి నువ్వు ఒక కొండంత అడవికి పెద్దవయ్యావంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నీకోసం ఊలు మేజోళ్ళు అల్లి బండి తోలే ఫ్లోరియాన్ చేతికిచ్చాను. మడమ దగ్గర రెండు పేటలు వేశాను, చలికి ఆగుతాయి. పంది బాగా ఒళ్ళు చేసింది. క్రిస్మస్ పండగ రొట్టెకి ఎండుద్రాక్ష ఈసారి దొరికేటట్టు లేదని కొట్టువాడు అప్పుడే ముఖం ముడుచుకుంటున్నాడు.

వచ్చే ఆదివారం ఊరంతా గని ప్రార్థన గదిలో కూర్చుని ఈ యేటి కొరుకుడు బొమ్మ ఎవరిదో తేలుస్తారు. ఊరిని ఎవరు ఎక్కువ ఏడిపిస్తే వాళ్ళ ముఖమే కదా కాయలు కొరికి పగలగొట్టే కొయ్యబొమ్మకెక్కేది. ఈసారి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కొత్త బడి తనిఖీదారు పిల్లల చేత మోకాళ్ళ మీద ఎక్కాలు చెప్పించాడు. అతని ముక్కు నా కుంచెకి ఇప్పటికే వచ్చేసింది. దాన్ని పండగ చెట్టుకు కట్టి, నోట్లో మొదటి కాయ పెట్టి కొరికించే భాగ్యం అతని వల్ల అందరికన్నా ఎక్కువ ఏడ్చిన మా చిన్నదానిదే అవుతుందని ఆశ.

చన్నీళ్ళతో తల తడుపుకోకు.

నీ అక్క
హుల్డా


ఓయిల్‌బెర్గ్ అటవీ ఠాణా, నవంబరు 12

గౌరవనీయురాలైన అక్కకి,

మేజోళ్ళు అందాయి. వెచ్చగా ఉన్నాయి. ఇక్కడ ఠాణాలో పొగగొట్టం సరిగ్గా లాగదు గానీ, కిటికీ తెరిస్తే ఎదురుగా అడవే. పొద్దున్నే కొమ్మల మీది మంచు వెలుగుతుంటే ఇదంతా నా కాపుదలలో ఉందా అని ఒళ్ళు జలదరిస్తుంది. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పను.

నీ చెవిన వేరేవాళ్ళు వేసేలోపు నేనే చెబుతాను. మంచు పడ్డాక అడవిలో ఎండుపుల్ల కూడా ఏరకూడదని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏరేవాళ్ళ కాళ్ళ కింద కొత్త మొక్కలు నలిగిపోతున్నాయట. మొన్న గురువారం వాగు దాటిన చోట మన ఊరి సిదోనీ అవ్వని పట్టుకున్నాను. చేతిబండి నిండా కట్టెలు. బండి స్వాధీనం చేసుకున్నాను. ఆవిడ బండికి కట్టిన తాడు మాత్రం విప్పి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

సిదోనీ అవ్వ అని తెలిసే పట్టుకున్నానక్కా. ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే తెలిసినవాళ్ళని వదిలేస్తే రేపు ఎవరిని ఆపగలను? ఇది నువ్వైనా అర్థం చేసుకుంటావు.

తనిఖీదారు బొమ్మ చూడాలని ఉంది. పండగ సాయంత్రానికి తప్పకుండా వస్తాను.

ఇట్లు
రైన్‌హోల్ట్, అటవీ అధికారి


ఫింకెన్‌గ్రుండ్, నవంబరు 20

తమ్ముడూ,

ఉత్తరం అందింది. పందికి వారం నుంచి మేత దిగడం లేదు. బార్లీ ఉడకేసి పెడితే కొంచెం నాకింది. కుందేలు తోలు ఒకటి చవగ్గా దొరికింది, దానితో రెండు బొమ్మలకి గడ్డాలొస్తాయి. ఇద్దరు పిల్లలకీ దగ్గు. మీ బావకి లేదు గానీ, ఉందంటున్నాడు.

ఆదివారం ఊరు కూర్చుంది, తేల్చింది. అంతకుమించి నన్ను అడగకు. పండగ సాయంత్రం బొమ్మ మీది గుడ్డ విప్పేదాకా బొమ్మ వేసేవాళ్ళ నోటికి తాళమని నీకు నేను చెప్పక్కర్లేదు. నాన్న పక్కలో పడుకున్న అమ్మకి కూడా చెప్పేవాడు కాడు.

సిదోనీ అవ్వ కూర్చునే గది కిటికీకి మంచు లోపలివైపు పట్టింది. చూసి వచ్చాను, అందుకే రాస్తున్నాను. ఆ బండి నీ దగ్గర ఊరికే పడి ఉంటే ఇచ్చెయ్యకూడదా?

బాగా కప్పుకుని పడుకో.

హుల్డా


ఓయిల్‌బెర్గ్, నవంబరు 27

అక్కకి,

నీ ఉత్తరంలో పంది గురించి ఉంది, కుందేలు గురించి ఉంది. నన్ను గురించి లేదు. నిన్న ఫ్లోరియాన్ వచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, "మీ అక్క ఆకుపచ్చ రంగు నూరుతోంది బాబూ, చాలా ఎక్కువే నూరుతోంది" అని నా కోటు వైపు చూసి నవ్వాడు. బడి తనిఖీదారు నల్ల కోటు వేస్తాడు. ఆకుపచ్చ వేసేది ఎవరో ఈ కొండల్లో పసివాడికి కూడా తెలుసు.

నువ్వు వద్దనలేకపోయావా? నా ముఖం కడిగి పెంచిన చేతులవి. అవే చేతులతో ఆ ముఖాన్ని పళ్ళికిలించే కొయ్య చేసి ఊరి ముందు వేలాడదీస్తావా? అందరూ వరసగా వచ్చి నా నోట్లో కాయలు కుక్కి వీపు మీద మీట నొక్కుతూ నవ్వుతుంటే నువ్వూ నవ్వుతావా? ఇంకొకరి మీద ఐతే నేనూ నవ్వేవాణ్ణే, కాదనను. వీధిలో ఎవరైనా నాకు టోపీ తీస్తే ఇక వాడి పెదాల చివర ఏముందో చూడాల్సిందే కదా.

మేజోళ్ళు ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను.

రైన్‌హోల్ట్


ఫింకెన్‌గ్రుండ్, డిసెంబరు 4

ఒరేయ్ తమ్ముడూ,

మేజోళ్ళు ముందొచ్చాయి, ఉత్తరం మూడు రోజుల తర్వాత వచ్చింది. మంచులో ఫ్లోరియాన్ ఉత్తరాల సంచి ఎక్కడో దిగబడిపోయిందట. ఆ మూడు రోజులూ నేనేం చేశానో తెలుసా? మేజోళ్ళు చిన్నవయ్యాయి కాబోలు, పదవితోపాటు పాదాలు కూడా పెరిగాయి కాబోలు అనుకుని, వేళ్ళ దగ్గర విప్పి పొడుగు చేసి మళ్ళీ అల్లాను. ఇప్పుడు వాటిని ఎలుగుబంటి తొడుక్కోవచ్చు.

తర్వాత నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివి పొయ్యి దగ్గర పెట్టాను. మీ బావ "ఏంటే, ఏమైంది?" అంటే పొగ అన్నాను.

నువ్వడిగినదానికి అవునని చెప్పను, కాదని చెప్పను. కాదని చెప్పి నిన్ను ఊరుకోబెట్టినా, అవునని చెప్పి ఏడిపించినా, రేపు ఈ ఊళ్ళో మన ఇంటి కుంచెని ఎవరూ నమ్మరు. నాన్న ఒకసారి తన సొంత బావమరిది ముఖం గీశాడు. ఆ గనిపెద్ద మామయ్యే. అప్పుడు అమ్మ ఎన్నాళ్ళు మాట్లాడలేదో నీకు తెలియదు, నువ్వింకా పుట్టలేదు.

ఒక్కటి మాత్రం చెబుతాను. బండి ఇచ్చెయ్యి. నీకూ మంచిది.

అక్క


ఓయిల్‌బెర్గ్, డిసెంబరు 10

హుల్డా,

నీకూ మంచిది అన్నావు. అర్థమైంది. బండి ఇస్తే బొమ్మ మారుతుంది, ఇవ్వకపోతే నన్ను కట్టేస్తారు. నా అక్క నాతో ఇలా బేరమాడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. బేరానికి లొంగి బండి ఇస్తే నేను అధికారినే కాదు. కాబట్టి బండి ఇక్కడే ఉంటుంది.

నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో. గడ్డం పొడుగ్గా పెట్టు, కళ్ళు మిడిగుడ్లు చెయ్యి. పండగకి నేను రాను. ఎదురుచూడకండి, నా పళ్ళెం పెట్టకండి.

అటవీ అధికారి


ఫింకెన్‌గ్రుండ్, డిసెంబరు 18

నా చిన్నోడా,

బేరం కాదురా. ఊరు తేల్చింది బండి ఇచ్చినా మారదు, ఇవ్వకపోయినా మారదు. ఆవిడ చలికి వణుకుతోందని, అది నీ మనసుకి మంచిది కాదని అన్నాను. నువ్వు అన్నిట్లోనూ ఉత్తర్వులే చదువుతున్నావు. సరే, అది వదిలేయ్. ఈ ఉత్తరం నీతో పోట్లాడటానికి రాయడం లేదు. నిన్న ఒకటి చూశాను. దాన్ని ఎవరికైనా చెప్పకపోతే ఉండలేను. నాకు ఎవరికైనా అంటే నువ్వే.

నిన్న పాత బొమ్మల పెట్టె దించి దుమ్ము దులిపే రోజు. ఈ యేడు సాయానికి సిదోనీ అవ్వ వచ్చింది. మా పొయ్యి దగ్గర కాళ్ళు చాపి కూర్చోడానికి వచ్చిందని నాకూ తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఇద్దరం కలిసి ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద నిలబెట్టాం. మీసాల పన్నులాయన, కొరడా జమీందారు, తప్పుడు తూకం గుమాస్తా, మన గనిపెద్ద మామయ్య. ఒక పోలీసు బొమ్మని ఆవిడ ఒళ్ళో పెట్టుకుని ఊడిన గడ్డానికి జిగురు రాస్తోంది. "వీడు మా నాన్న లాంతరు బూటుతో తన్ని పగలగొట్టాడే. వీడి పేరెత్తితే మంచం కిందికి దూరేదాన్ని. ఇప్పుడు చూడు, వీడి గడ్డం దువ్వుతున్నా" అని కిచకిచా నవ్వింది.

నేను పోలీసు వైపు చూసి, "అరుస్తున్నట్టే ఉన్నాడు కదా అవ్వా, మా తాత భలే గీశాడు" అన్నాను.

"అరుస్తున్నాడా? నీ మొహం. నువ్వెప్పుడైనా వీళ్ళని కింద నుంచి చూశావా?"

"గీసేది నేనే కదా."

"గీసేదానివి బల్ల మీద చూస్తావు. నేను చిన్నప్పుడు చెట్టు మొదట్లో, బాలయేసు పశువులపాక బొమ్మల పక్కన కూర్చునేదాన్ని. రా, ఇలా రా" అని ఆ పోలీసుని లాంతరు కన్నా పైన ఎత్తి పట్టుకుంది. నేను నేల మీద కూర్చుని చూశాను.

తమ్ముడూ, కింది నుంచి వెలుగు పడేసరికి ఆ నోరు అరవడం మానేసింది. కళ్ళు కిందికి, వెలుగు వైపు, పెద్దవయ్యాయి. అది కోపం కాదు, ఆశ్చర్యం. ఆవిడ ఒక్కొక్కరినీ ఎత్తి చూపించింది. జమీందారు, గుమాస్తా, మామయ్య, అందరూ అంతే. ఇన్నేళ్ళూ మన మీద అరిచిన నోళ్ళన్నీ చెట్టెక్కగానే కింద గడ్డిలో పడుకున్న పసిబిడ్డని చూసి తెరుచుకున్న నోళ్ళైపోయాయి. "మన ముందు ఆశ్చర్యంతో తెరవని నోరు అక్కడ తెరవాల్సిందే. అందుకే కడతారే పిచ్చిదానా, నవ్వడానికే అయితే సంత చాలదూ?" అంది. నాన్నకి ఇది తెలుసో లేదో. తెలిసే ఉంటుంది. నాకు చెప్పే తీరిక లేక పోయాడు.

ఆవిడ వెళ్ళాక ఒక ముఖం మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరిదని అడగకు. నీకు నాలుగేళ్ళప్పుడు గని నోటి దగ్గర నిన్ను భుజాన ఎక్కించుకుని నిలబడ్డాను. పండగ ముందు ఆఖరి పాళీ పని ముగించి గనివాళ్ళు దీపాలతో ఒక్కరొక్కరే కొండలోంచి బయటికొస్తుంటే, పాట లోపలి నుంచి ముందు వచ్చి మనుషులు తర్వాత వస్తుంటే, నీ నోరు మూతపడలేదు. చొంగ నా జుట్టులోకి కారింది. ఎందుకో నిన్నంతా అదే కళ్ళ ముందుంది.

రా. నీ పళ్ళెం పెడతాను.

అక్క


ఫింకెన్‌గ్రుండ్, డిసెంబరు 26

రైన్‌హోల్ట్,

రాలేదు నువ్వు. పండగ ఆనవాయితీ ప్రకారం తొమ్మిది వంటకాలూ వండాను, బల్ల కింద గడ్డి పరిచాను. నీ పళ్ళెం అలాగే ఉంది. ఇక దాచడానికేమీ లేదు కాబట్టి చెబుతాను. బొమ్మ నీదే.

గనివాళ్ళు దీపాలు పట్టుకుని వచ్చేసరికి ప్రార్థన గది నిండిపోయింది. మీ బావ, ఇంకో నలుగురు కలిసి చెట్టుకి పాత బొమ్మలన్నీ కట్టారు. కొవ్వొత్తులు కింది కొమ్మల నుంచి వెలిగించుకుంటూ పైకి వెళ్ళారు. ఒక్కో వరస వెలిగేకొద్దీ ఒక్కో కాలం మేలుకున్నట్టైంది. ఈసారి నేను చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఊరిని ఏడిపించిన వాళ్ళందరూ పైనుంచి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. దేవుడు ఎంత పెద్దవాళ్ళనైనా ఇంత చిన్నవాళ్ళని చేసి, ఇంత అందంగా వేలాడదీస్తాడా అనిపించింది.

తర్వాత సిదోనీ అవ్వని పిలిచారు. ఆవిడ గుడ్డ విప్పింది. ఆకుపచ్చ కోటు, టోపీ, భుజాన తుపాకీ కనబడగానే వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. నవ్వడానికి అందరూ సిద్ధం. ఆవిడ దాన్ని వెలుగులోకి తిప్పింది. నవ్వడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. మీసాలూ గడ్డమూ పెట్టాను గానీ, ముఖం మాత్రం గని నోటి దగ్గరి నాలుగేళ్ళవాడిది. ఫ్లోరియాన్ మెల్లిగా, "మన రైన్‌హోల్ట్ కదూ" అన్నాడు. అడవి అధికారి అనలేదు, గమనించు.

అవ్వ నిన్ను కట్టింది, తన తాడు ముక్కతోనే. నోట్లో గట్టి పెంకు హేజెల్ కాయ పెట్టి మీట నొక్కింది. నొక్కుతుంటే దవడ కదల్లేదు. ఎన్నిసార్లో గీకి గీసిన రంగు కీలులో గడ్డకట్టింది, నాదే పొరపాటు. నాకు తల కొట్టేసినట్టైంది. ఆవిడ మాత్రం కాయ బయటికి తీసి గుప్పిట్లో పెట్టుకుని, ఎందుకో తలుపు వైపు చూసి, జనాన్ని తోసుకుంటూ బయటికి వెళ్ళింది. కాసేపటికి పప్పు నములుతూ వచ్చింది. "ఎవరు కొట్టిచ్చారవ్వా?" అని అందరూ అడిగితే, "అడవాయన" అంది. చెట్టు మీదవాణ్ణి అంటోంది కాబోలని గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నువ్వు అక్కడ ఉండి చూసి ఉంటే ఆ బొమ్మ నిన్ను తిట్టడం లేదని తెలిసేది. నువ్వు రాకుండా దాన్ని గీసి ఏం లాభం?

నీ మీద కోపంగానే ఉన్నాను.

హుల్డా


ఓయిల్‌బెర్గ్, డిసెంబరు 28

అక్కా,

ఫ్లోరియాన్‌ని ఆపి, వాడు టీ తాగేలోపు రాస్తున్నాను. అక్షరాలు చూడకు.

నేను వచ్చాను.

మంచి మనసుతో రాలేదు. కోటు, టోపీ, బిళ్ళ అన్నీ పెట్టుకుని కొండ దాటాను. అధికారిని ఎగతాళి చేయడం నేరమని చెప్పి బొమ్మ దింపించాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ప్రార్థన గది తలుపు ఓరగా ఉంది. లోపల అందరి వీపులూ నా వైపే. చెయ్యి తలుపు మీద పెట్టాను. అప్పటికే అవ్వ గుడ్డ విప్పుతోంది.

ఆ ముఖం నాదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అలా నోరు తెరిచిన రోజు నాకు గుర్తులేదక్కా. నీకు గుర్తుంది కాబట్టి అది నాకు మళ్ళీ దొరికింది. దాని చుట్టూ ఆ పెద్దలందరూ, కింద నుంచి పైదాకా దీపాలు, ఎవరూ కదలడం లేదు. అడవిలో మంచు మీద పొద్దు పొడవడం రోజూ చూస్తున్నాను, దానికి కూడా నాకు ఇలా కాలేదు. కూడబలుక్కున్న మాట ఒక్కటీ మిగల్లేదు. అంతమంది పెద్దవాళ్ళ మధ్య నాకూ ఒక చోటిచ్చారు, అక్కడ నేనొక్కణ్ణే పిల్లవాణ్ణి.

అప్పుడే తలుపు తెరుచుకుని అవ్వ బయటికొచ్చింది. నా నోరు ఎలా ఉందో నాకు తెలియదు. ఆవిడ నన్నూ, లోపల చెట్టునూ, మళ్ళీ నన్నూ చూసి, "హుల్డా భలే గీసింది" అంది. తర్వాత గుప్పిట తెరిచింది.

"నీ బొమ్మకి దవడ పట్టేసింది. నాకా కొరికే పళ్ళు లేవు. కొట్టు."

అక్కడ రాయి లేదు, అంతా మంచు. కాయ నోట్లో పెట్టుకుని కొరికాను. పెంకు పగిలింది, నా వెనక పన్ను కూడా కొంచెం పగిలింది, ఇప్పటికీ సలుపుతోంది. పప్పు అరచేతిలో పెట్టి ఇచ్చాను. ఆవిడ తింది. నేను టోపీ తీసి, బండి రేపు పొద్దున్నే తెస్తానని, ఖాళీగా తేనని చెబుదామనుకున్నాను. అది నిన్న ఎలాగూ చేశాను, పై నుంచి ఎవరైనా అడిగితే జవాబు నేనే చెప్పుకుంటాను. కానీ ఆ నిమిషానికి టోపీ మాత్రమే తీశాను. లోపలికి వచ్చి నీ ముందు నిలబడే ధైర్యం కూడా చాలలేదు, అందుకే రాస్తున్నాను.

పప్పు నములుతూ లోపలికి తిరగబోయి, ఆవిడ ఆగింది. నా చేతి వైపు చూసింది. చేతిలో ఇంకా పెంకు ముక్కలున్నాయి. అవి పారేయబోయాను.

"పారేయకు నాయనా, అవి కూడా ఇలా ఇవ్వు" అని ఏప్రాన్ పట్టింది. "పొయ్యిలోకి పనికొస్తాయి."

నీ తమ్ముడు